రెండువందల ఒకటో రూలు

వికారాబాద్ స్టేషన్లో, తాండూరు బండి దిగిన కూతురి ముఖంలోకి తల్లి బెదురుగా చూసింది. పిల్ల పనిచేసే ఫ్యాక్టరీ కంప్యూటర్లోని పాత ప్రోగ్రాం బాగుపడకపోతే, ఆ పనితోపాటే పిల్లనూ బొంబాయి ఆఫీసుకు పంపేస్తారు.

“తప్పు దొరికిందా బిడ్డా?”

“దొరికిందమ్మా. మనం రూల్సు రాసిస్తే, వాటినిబట్టి అది ఇంకో ప్రోగ్రాం తయారుచేస్తదని చెప్పిన గదా? పదేండ్ల కింద రాసినాయన రెండొందల రూల్సుకే జాగ పెట్టిండు. రెండొందల ఒకటోది పోయి మొదటిదాని మీద పడుతది.”

“అంటే, పంక్తి నిండినంక వచ్చినోన్ని మొదటాయన ఒళ్లె కూసోబెట్టినట్టు!”

“అచ్చం గట్లనే. జాగ పెంచిన. ఇప్పుడు మస్తు నడుస్తది.”

“మరి బొంబాయి?”

“లేదింక. నువ్వు పెట్టెల సర్దిన నా చీరలు తీయి.”

“ఏం తీయాలె? వారం సంది పెట్టె తెరిచి కూసున్న గని, ఒక్క చీర పెట్టనీకి చేతులు రాలే.”