శుక్రవారం నిద్ర

కోరుట్లలో ఒకామె ఇంట్లో, కంప్యూటర్‌కు రెండో హార్డ్‌డిస్క్ బిగించి తెర వెలిగించాడు మెకానిక్. మొదటిది నిండిపోయింది.

“దుబాయి నుంచి అన్న చేసిన వీడియో కాల్స్ అన్ని రికార్డు చేసి దాసుకున్నవా వదినా?”

“శుక్రవారం ఆయనకు సెలవు తమ్మీ. ఆ రోజే తీరిగ్గ మాట్లాడుతడు.”

“గిండ్ల మాటలేడున్నయి? గంటలకొద్ది నిద్రనే పోతుండు. గివి తీసేస్తే కొత్తది కొనే పనే లేకుండె.”

“అలిసిపోయి, మాట్లాడుకుంటనే పండుకుంటడు. నేను కాల్ కట్ చెయ్య.”

“గట్లనే సూస్కుంట కూసుంటవా?”

“ఇంట్ల ఉంటే రోజు సూసేదాన్నే గద. ఒక్కటి సుత తీయకు.”

అతను మౌస్ మీంచి చేయి తీసేశాడు.

“గిది శాన పెద్దది వదినా. నిండకముందే అన్న ఇంటికస్తడు.”

తెర మీది నిద్రముఖం నుంచి ఆమె చూపు తిప్పుకోలేదు.

“మొదటిది పెట్టిననాడు సుత గిట్లనే అన్నవు తమ్మీ.”