లైసెన్సులో మీసం

కొత్తచెరువులో బస్సు ఆగే చోట కదిరమ్మ టీ అంగడి. ఆ పొద్దున అంగడి ముందున్న బండ మీద డ్రైవర్ అంజినప్ప తల నుంచి గడ్డం దాకా తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. కళ్లూ ముక్కూ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. పన్ను సలుపుతోందని వచ్చీ రాగానే చెప్పేశాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు.

రోజూ అయితే ఈ వేళకు బస్సు తోలుకుంటూ వచ్చి ఇక్కడ ఆపేవాడు అతనే. ఈ పొద్దు తన బస్సు కోసం తనే కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. లైసెన్సు గడువు దాటిపోయింది. మార్పించుకోవడానికి ఇచ్చిన వాయిదాకు ఇదే ఆఖరి దినం. ఇది కూడా దాటితే కొత్తగా నేర్చుకునేవాడిలా మొదటి నుంచి పరీక్షలు ఇయ్యాలట. బస్సు సావుకారి అంత కాలం ఆగే మనిషి కాదు. అప్పుడే నాగన్న అనే కుర్రవాణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. సాయంత్రానికి లైసెన్సు చూపించకపోతే ఆ సీటు ఇక నాగన్నదే.

పక్కన శివప్ప, ధర్మవరం పోతున్న నేతగాడు, చీరల మూట ఒళ్లో పెట్టుకుని టీ ఊదుకుంటున్నాడు. అతని ఎదురుగా యేసన్న గొంతుక్కూర్చున్నాడు. శెనక్కాయల మిల్లులో మూటలు మోసేవాడు, పని మీద అనంతపురం పోతున్నాడు.

"ఏమప్పా అంజన్నా, లైసెన్సుకు అనంతపురం పోతాండావంట?" అన్నాడు శివప్ప. "కొత్త బ్రేకు ఇన్స్‌పెక్టరు శానా గట్టోడంట. రవ్వంత తేడా ఉన్నా పో అంటాడంట గదా."

భయం పుడితే కొందరికి నోరు పడిపోతుంది. అంజినప్పకు మాత్రం నోరు లేస్తుంది, అది పుట్టుకతో వచ్చిన గుణం.

"గట్టోడా? ఎవురికాడ?" అన్నాడు తువ్వాలు లోపలి నుంచి. "పోయిన తూరి ఏమైందో ఇనుండ్రి. నేను ఆఫీసులో కాలు పెడ్తానే గుమాస్తా లేచి నిలబడినాడు. 'ఏమి అంజినప్పా, ఇంత తడువు చేసినావే' అని కుర్చీ తుడిచి ఏసినాడు."

"నీకు కుర్చీ ఏసినాడా?" అన్నాడు యేసన్న.

"ఏసేదేమి, టీ గూడా తెప్పించినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నిజానికి పోయిన తూరి అతను పొద్దుటి నుంచి ఆఫీసు బయట ఎండలో నిలబడ్డాడు. పొద్దు వాలాక గుమాస్తా తలెత్తి "రేపు రా" అన్నాడు. ఆ రెండు ముక్కలు తప్ప వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు.

"ఇన్స్‌పెక్టరు లోపలి నుంచి ఉరికొచ్చినాడు. 'అంజినప్పా, నీ చేతి నేర్పు గురించి ఇనేదే గాని చూసింది లేదు, జీపు తియ్యి' అన్నాడు. తీసినా. బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీదికి పోనియ్యమన్నాడు. పోనిచ్చినా. కట్ట జూస్తే సన్నం, ఎదురుగా గొర్రెల మంద, ఎనకాల హారన్ కొట్టుకుంటా శెనక్కాయల లారీ. ఇంగోడైతే ఆడనే దిగి దండం పెట్టుకునుండు. నేను స్టీరింగు ఇట్ల ఒక్క తిప్పు తిప్పితి, జీపు ఒక పక్క చక్రాల మీద లేచి నిలబడె, గొర్రెలన్నీ దాని కింద నుంచి దూరి పాయె. ఒక్క గొర్రెకు బొచ్చు గూడా రాల్లేదు!"

"మరి ఇన్స్‌పెక్టరో?"

"వాడు యాడుండాడు! కండ్లు మూసుకోని గోవిందా గోవిందా అంటాండాడు. ఇంతలో లారీ మీది మీదికి వస్తాంది. ఏం జేస్తివి అనండ్రి. జీపును చెరువులోకి దుమికించినా!"

"అయ్యో, మునగలేదా?" అన్నాడు యేసన్న.

"మునిగేదానికి దానికి తీరికుంటే గదా, అంత స్పీడు! నీళ్ల మీద సర్రుమని పోతాంది. చేపలు ఎగిరెగిరి ఇన్స్‌పెక్టరు ఒళ్లో పడతాండాయి. వాడు ఒక్కొక్కటీ ఏరి టోపీలో ఏసుకుంటాండాడు."

శివప్ప గ్లాసు కింద పెట్టి అతని వైపు జాలిగా చూశాడు. "జీపు నీళ్ల మీద పోయిందంటే నమ్ముతా అంజన్నా. చెరువులో నీళ్లుండాయంటివి చూడు, ఆడ నమ్మబుద్ధి కాలేదు."

అందరూ పకపకా నవ్వారు. పైరు చేతికొచ్చి ఎన్నేళ్లయిందో లెక్క మరిచిపోయిన ఊళ్లు అవి. కదిరమ్మ కూడా నవ్వుతూ, "ఆ నీళ్లు ఒక కడవ ఈడికి తెచ్చింటే నా నడుమన్నా మిగిలుండు. ఏమప్పా, టీ ఆరిపోతాంది, తాగవేమి?" అంది.

"తాగుతాలేక్కా. పన్ను."

టీ మీద అప్పటికే మీగడ కట్టింది. కదిరమ్మ దాని వైపు ఒకసారి, తువ్వాలు వైపు ఒకసారి చూసి, పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"అయితే ఆ పొద్దే లైసెన్సు రాసిచ్చినాడా అన్నా?" అని యేసన్న అడిగాడు. అతనికి కోతలకూ నిజాలకూ తేడా అంత తొందరగా తెలియదు.

ఇచ్చినాడు అని ఊరుకుంటే పోయేది. కానీ రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా చేసిన సంగతి ఒకటుంది, అంజినప్ప నాలుక తిన్నగా అక్కడికే పోయింది.

"రాసిచ్చేదానికి ముందు లైసెన్సు ఇప్పినాడు. ఫొటో చూసినాడు. నన్ను చూసినాడు. మల్లా ఫొటో చూసినాడు. 'ఇది నువ్వు కాదు పో' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందో అంజినప్పకే తెలియదు. తువ్వాలు కింద చెమట పట్టింది. ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు. రోడ్డు చివర ఇంకా దుమ్ము లేవలేదు.

"నేను ఆ ఫొటోను ఒక చూపు చూసినా!" అని గట్టిగా అన్నాడు. "అంతే. ఫొటోలోనోడు గడగడా వణికినాడు. వణికి వణికి వాని మీసం ఊడి టేబుల్ మీద పడింది. ఇన్స్‌పెక్టరు ఉఫ్ అని ఊదినాడు. ఆ బొచ్చు పోయి గుమాస్తా ముక్కులో దూరింది. గుమాస్తా తుమ్మినాడు సామీ ఒక తుమ్ము, ఆ అదురుకు బీరువా మీదుండే ముద్ర ఎగిరొచ్చి ఠప్పని నా లైసెన్సు మీద పడింది!"

శివప్ప తొడలు చరుచుకుని నవ్వాడు. కదిరమ్మ మాత్రం నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"అంజినప్పా, ఒక మాట అడుగుతా చెప్పు. ఫొటోలో మీసముండాది. నీ మొగాన మీసముండాది. ఇంగ దాన్ని ఊడగొట్టే పని నీకేమొచ్చింది?"

అంజినప్ప తువ్వాలును ముక్కు మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

"పన్ను నొప్పోడు ఇంతసేపు వాగుతాడా యాడన్నా?" అంది కదిరమ్మ. "తియ్యి ఆ తువ్వాలు."

అతను మెల్లగా విప్పాడు. నున్నటి గుండు. మీసం ఉండాల్సిన చోట ఎండ ఎరగని తెల్లటి చర్మం. ఎండకు నల్లబడ్డ ఆ ముఖంలో అది ఎవరిదో చర్మం అతికించినట్టు ఉంది.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు శివప్ప. సరదాకే అన్నాడు, కానీ అంజినప్ప ముఖం ముడుచుకుపోయింది.

"చూసినావా! దినామూ చూసే నువ్వే ఇట్లంటే ఆ గట్టోడు ఏమంటాడు?" అన్నాడు. ఇక దాచడానికేమీ మిగలలేదు. "మొన్న కదిరికి పోయినానక్కా. లైసెన్సు ఏ అడ్డమూ లేకుండా రావల్ల సామీ అని, తలా మీసమూ ఇచ్చొచ్చినా. ఇంటికొచ్చి తలుపు కొడితే నా పెండ్లాం హనుమంతమ్మే 'ఎవురు కావల్ల' అనింది. అప్పుడు గదా ఫొటో సంగతి తల్లో మెదిలింది."

"ఓరి నీ భక్తి కాలిపోనూ!" అంది కదిరమ్మ. "నా పేరే ఆ సామి పేరు, నాకు తెలీదా? పని అయినాక ఇచ్చేది మొక్కు. ముందే ఇచ్చేదాన్ని లంచమంటారు. నరసింహసామికే లంచం పెడ్తివా?"

శివప్ప నవ్వలేక కళ్లు తుడుచుకున్నాడు.

"నవ్వాకండి," అన్నాడు అంజినప్ప. "నాకు భయమైతాందక్కా. ఈ చేతులకు స్టీరింగు తప్ప ఇంగోటి తెలీదు. నువ్వు కాదు పో అంటే? ఆ తర్వాత ఏమైతాదో తెలుసా?"

దూరంగా మలుపు దగ్గర బస్సు శబ్దం వినిపించింది. గేరు మార్చేటప్పుడు అది కర్రుమని మూలిగింది. నాగన్న క్లచ్చి సరిగా తొక్కడు. దెబ్బ తనకు తగిలినట్టు అంజినప్ప ముఖం చిట్లించాడు.

"కొత్త ఫొటో ఇస్తే సరిపోతాది గదన్నా?" అన్నాడు యేసన్న నెమ్మదిగా. "మా మిల్లు లారీ డ్రైవరుకు అమ్మోరు పోసి మొగమంతా గుంతలు పడె. ఫొటోకూ మనిషికీ పోలికే లేకపాయె. కొత్తది తీయించుకోనిపోయి, ఆఫీసులో పాతదాని బదులు దీన్ని అంటించుకోనొచ్చినాడు. అనంతపురంలో ఆ ఫొటో తీసేటాయన మధ్యాన్నానికే ఇస్తాడు. పా, నేనొస్తా నీ యెంబడి."

అంజినప్పకు గుండెల్లో కాస్త గాలి ఆడింది. పూర్తిగా కాదు. కానీ ఆ ఫొటో తీసేటాయన అంగడి తెరిచి ఉంటాడో లేదోనన్న కొత్త భయం మొదలైందంటే, పాతది కొంత తగ్గినట్టే.

"అదీ బాగుంది," అంది కదిరమ్మ. "ఇంగ మీసం మొలిస్తే? ఫొటోలో గుండు, మొగాన మీసం. లైసెన్సుకు పోయే ప్రతి తూరీ ముందు కదిరికి పోవల్ల నువ్వు. లంచం పెడ్తే సామి ఊరికే వదుల్తాడా, నీ మీసం జన్మంతా రాయించుకున్నాడు పో!"

అంజినప్పకు కూడా నవ్వు వచ్చింది. చల్లారిన టీ మీగడతో సహా ఒక్క గుక్కలో తాగేశాడు.

బస్సు వచ్చి ఆగింది. నాగన్న కిటికీలోంచి తల బయట పెట్టి, "అక్కా, అంజినప్పన్న యాడ? ఆయన్ను ఎక్కించుకోని రమ్మన్నాడు సావుకారి" అని అరిచి, మెట్టు మీద కాలు పెట్టిన గుండు మనిషితో, "నువ్వు రోంత జరుగు పెద్దాయనా, మా అన్న రావల్ల" అన్నాడు.

"నేనేలేరా," అన్నాడు అంజినప్ప. నాగన్న నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఆ చూపుకు అంజినప్పకు పాత భయం తిరిగొచ్చింది. మెట్టు మీదే వెనక్కి తిరిగి, కదిరి ఉన్న దిక్కుకు చేతులెత్తాడు. "అక్కా, ఈ తూరి సరిగ్గానే మొక్కుకుంటాండా. సాయంత్రానికి లైసెన్సు చేతికొస్తే ఇంగ జన్మలో ఒక్క కోత కొయ్యను. సామి మీద ఆన."

కదిరమ్మ అతని ఖాళీ గ్లాసు కడుగుతూ, "జీపు నీళ్ల మీద పోయిందంటే నమ్మితి," అంది. "ఫొటోలో మీసం రాలిందంటే నమ్మితి. ఇదొక్కటి మాత్రం నాకాడ చెప్పాకప్పా."