ఇద్దరికీ ఒకే రోజు పరీక్ష

పరీక్షల విభాగం తలుపు భళ్లున తెరుచుకుంది. టైంటేబులు వేసే పెద్దాయన తలెత్తేసరికే, విద్యార్థి నాయకుడి హాకీ కర్ర ఆయన బల్ల మీది అద్దాన్ని ముక్కలు చేసింది.

“సార్, మా పాత హాస్టలు వాళ్ల పరీక్ష శుక్రవారానికి మార్చండి.”

“అందరూ వాయిదాకి వస్తారు. నువ్వు వాయించడానికి వచ్చినట్టున్నావే!”

“శుక్రవారం కొత్త హాస్టలు వాళ్లు రాస్తున్నారు కదా. గేటు దగ్గర వాళ్లతో పనుంది.”

“అందుకేరా నాయనా, మీకో రోజు, వాళ్లకో రోజు వేశాను. ఏళ్ల తరబడి మీరు ఎదురుపడకుండా చూస్తున్నాను. కలిపానంటే జవాబు పత్రాలకు బదులు శవాలు మోయాలి.”

“మా తమ్ముడి దవడ పగలగొట్టారు సార్! మారుస్తారా, మార్చరా?”

“మార్చను.”

కర్ర లేచింది. పెద్దాయన కుడి మణికట్టు పుటుక్కుమంది.

“ఇప్పుడు పెట్టండి సార్ సంతకం!”

“ఏ చేత్తో పెట్టమంటావురా?”

నాయకుడు వేలాడుతున్న ఆ చేతిని చూసి కర్ర దించాడు.

“ఎ... ఎడమ చేత్తో పెట్టండి.”

“పెడతాను. కానీ అది నా పాత సంతకంతో కలవకపోతే ఏ ప్రిన్సిపాలూ తేదీ మార్చడు.”

“మరెలా సార్?”

“ఇంకెలా? ఈ చేతికి కట్టు విప్పేదాకా నా టైంటేబుల్ని ఎవడూ కదపలేడు. ముందు ఆ కర్ర పారేసి ఆటో పిలు. నీ పరీక్ష ఎల్లుండే, ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని చదువుకో.”