నాలుగు మడతల గుడ్డ

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహించిన మా సొసైటీ పెద్ద సోమలింగం గారికి, కార్ఖానా పని మధ్యలో వదిలి వచ్చిన మా సేఠ్ జయంతిభాయికి, లింబాయత్ నుంచి షేరు ఆటోల్లో ఇరుక్కుని వచ్చిన మిత్రులకు, నేనేం మాట్లాడతానోనని ముందు వరుసలో కూర్చుని నాకంటే ఎక్కువ భయపడుతున్న నా భార్య వజ్రమ్మకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి అందరూ నన్ను పొగుడుతూనే ఉన్నారు. 'అంబదాస్ మాట అంటే మాటే' అని సోమలింగం గారు అన్నప్పుడు మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కాసేపు పక్కన పెట్టుకోండి, మళ్ళీ వెనక్కి తీసుకోవలసి రావచ్చు. (నవ్వులు) నేను నవ్వులాటకు అనడం లేదు.

ముప్పై నాలుగేళ్ళు గుడ్డ చెకింగు బల్ల దగ్గర నిలబడ్డాను. అద్దపు బల్ల, దాని కింద వెలిగే ట్యూబులైటు, పైన జారుతూ పోయే కోరా గుడ్డ. వెలుగుకు పట్టి చూసి, తెగిన పోగు, నూనె మరక, వదులైన నేత, ఏది కనబడితే దాని మీద ఎర్ర సుద్దముక్కతో గుర్తు పెట్టడం నా పని. సేఠ్ వచ్చి "అంబదాస్, జోయూ?" అనేవారు గుజరాతీలో, చూశావా అని. "చూసిన సేఠ్" అంటే ఆ గుడ్డను ఇంక రెండో మనిషి చూసేవాడు కాదు. అదీ నా పరువు. కానీ ఆ పని మనిషిని ఊరికే వదలదు, ఇంటిదాకా వెంట వస్తుంది. పాలవాణ్ణి అనుమానించాను, డాక్టరును అనుమానించాను, వజ్రమ్మ తెచ్చిన టమాటాలను కూడా దీపానికి పట్టి చూశాను. (నవ్వులు) తలకాయ ఊపకు వజ్రమ్మా, చూశాను కదా.

అలాంటివాణ్ణి కరెంటు కారును నమ్ముతానా? సోమలింగం గారు ఇవాళ కూడా తమ కొత్త కారులోనే వచ్చారు. మొన్న అది చప్పుడు లేకుండా నా వెనక్కి వచ్చి ఆగితే నా ప్రాణం పోయినంత పనైంది. అప్పటి నుంచి ఆయనను అడుగుతూనే ఉన్నాను. అయ్యా, మనూరికి పోతుంటే అకోలా దాటినాక చార్జింగు అయిపోతే కరీంనగర్ దాకా మీరు తోస్తారా, మేము తోయాలా? ఎనిమిదేళ్ళకు బ్యాటరీ ముసలిదైతే కొత్తది కొనాలా, కొత్త కారే కొనాలా? బొగ్గు కాల్చి చేసిన కరెంటుతో నడిచే బండికి పొగ రాదని మురిసిపోవడం ఏమిటి? ఆయన నవ్వేస్తారు. ఇవాళ కూడా నవ్వుతున్నారు, చూడండి. (నవ్వులు)

కారు సంగతి ఆయన చూసుకుంటారు. నేను చెప్పవలసింది ఇళ్ళ కప్పుల మీద సోలారు గురించి.

మన వీధి చివరి లింగం బిడ్డ సుభాషిణి ఐటీఐ చదివి సోలారు పలకలు బిగించే కంపెనీలో చేరింది. రెండేళ్ళ కిందట మన భేస్తాన్ సొసైటీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పదహారు ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. అయితే ముందు శ్యాంసుందర్ ఇంటి మీద పెట్టి చూద్దాం, పనిచేస్తే మిగతా వాళ్ళం పెట్టించుకుందాం అనుకున్నారు. పెట్టారు. పెట్టిన వారానికే శ్యాంసుందర్ బామ్మర్ది పెళ్ళికని నెలరోజులు ఊరికి పోతూ, పక్కింటివాణ్ణని నన్ను పిలిచి, "అన్నా, జర చూస్తుండు. పలకల మీద దుమ్ము పట్టనీయకు. మీటరు కూడా రోజూ రాసిపెట్టు" అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

మన నేతవాళ్ళం మగ్గం ఆపితే ఏం చేస్తాం? పడుగు మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతాం. నా చేతులకు తెలిసిన పని అదే. కప్పాను. మంచి కోరా గుడ్డ, నాలుగు మడతలు వేసి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి కప్పాను.

నవ్వకండి. సేఠ్ ఇంటి మీద నీళ్ళు కాగే సోలారు చూసి, ఇది కూడా ఎండ వేడితోనే నడుస్తుందనుకున్నాను. గుడ్డ మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. వేడి లోపలికి పోతున్నదిలే అనుకున్నాను. రోజూ మీటరు చూశాను, రోజూ సున్నా రాశాను. శ్యాంసుందర్ వచ్చే ముందురోజు గుడ్డ తీసి, ఉతికించి, మడిచి అటక మీద పెట్టాను. అతను దిగిన రోజు రాత్రే సొసైటీ మీటింగులో లేచి, "నెల రోజులు నా కండ్లతోని చూసిన. ఒక్క యూనిట్ రాలే. గిదంతా మోసం" అన్నాను. పదహారు ఇళ్ళూ వెనక్కి పోయాయి. శ్యాంసుందరైతే నా లెక్క నమ్మి, మీటరు మళ్ళీ చూడకుండానే మర్నాడు పొద్దున్నే పలకలు విప్పించి పంపేశాడు. 'అంబదాస్ చూసిండు' అన్నారు, అంతే.

ఆ రోజు సుభాషిణి ఒక్క మాటే అడిగింది. "కాకా, రోజూ చూసిండ్రా?" "చూసిన బిడ్డా" అన్నాను. ఆ పిల్ల తన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. అబద్ధాలు చెప్పి పలకలు అమ్ముతుందని మనవాళ్ళే అన్నారు. కంపెనీ వాళ్ళు ఆమెను పనిలోంచి తీసేశారు. ఇప్పుడు చీరల మీద రాళ్ళు అతికించే చోట పనిచేస్తోంది.

మొన్న వర్షాలకు ఇంట్లోకి జల్లు కొడుతుంటే వజ్రమ్మ అటక మీది గుడ్డ దింపమంది. పాత అలవాటు కదా, కిటికీ వెలుగుకు పట్టి చూశాను. అంచుల్లో పలకల చట్రాల మచ్చలు ఇంకా ఉన్నాయి. మధ్యలో చీకటి. నాలుగు మడతల్లోంచి నా చెయ్యి కూడా కనబడలేదు. ముప్పై నాలుగేళ్ళు గుడ్డలోంచి వెలుగు చూసి బతికినవాణ్ణి, గుడ్డ వెలుగును ఆపుతుందని తట్టలేదు నాకు. సిగ్గుతో అక్కడే కూర్చుండిపోయాను. రెండు నెలలైంది. నోరు తెరిస్తే 'అంబదాస్ మాట' పోతుందని భయపడ్డాను. రిటైరయ్యేదాకా దాటవేశాను.

శ్యాంసుందర్ లేచాడు. ఏందిరా?

"అన్నా, గుడ్డ కప్పినవా? గప్పుడే చెప్పద్దా! మీటరు కరాబైందని నేను వాళ్ళను ఎంత తిట్టిన!"

తిట్టు, ఇప్పుడు నన్ను తిట్టు. కూర్చుని తిట్టు. (నవ్వులు)

ఆదివారం సొసైటీ మీటింగు ఉంది. మొదటి సంతకం నాది. ఈసారి మొదటి పలకలు నా కప్పు మీదే. సుభాషిణిని పని మీదికి తిరిగి తీసుకోమని నేనే పోయి ఆ కంపెనీ వాళ్ళతో చెబుతాను, ఈ కథంతా చెబుతాను. అంతమాత్రాన నా అనుమానం రిటైరైందనుకోకండి. వానాకాలం ఎంత వస్తుందో, పతంగుల మాంజా దారం తగిలితే ఏమవుతుందో అన్నీ అడుగుతాను. మీటరు రోజూ నేనే చూస్తాను, కాకపోతే గుడ్డ తీసి చూస్తాను.

ఈ శాలువాకు, ఈ దండకు, ముప్పై నాలుగేళ్ళు నా మాట నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. బిడ్డా సుభాషిణీ, వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నావు, ఒక్కసారి పైకి చూడు. నువ్వు అబద్ధం చెప్పలేదు. చూసిన అని చెప్పి చూడనివాణ్ణి నేను. సెలవు.