దోశకల్లు కింద బిళ్ళ

(1983. తిరువళ్ళూరు. వంటింట్లో లోకనాథం; దోశకల్లు, అంటే దోశల పెనం, దగ్గర పెండ్లాం అమృతవల్లి.)

"నవ్వబాక వల్లీ. ఈసారీ ఉబ్బిపోయింది."

"నేను యాడ నవ్వినా మామా? పొగకి దగ్గొచ్చింది."

"నవ్వు, నవ్వు. ఎంత వేడికీ చెదరని ప్లాస్టిక్కు చేస్తా, మద్రాసు ఇస్త్రీపెట్టెల కంపెనీకి నేనే ఇస్తా అని బజారంతా చాటినోణ్ణి. నా బిళ్ళని తీసి కరెంటు పొయ్యి మీద పెడితే పూరీ! కుర్మా ఒకటే తక్కువ."

"సోమవారం కంపెనీవాళ్ళు వస్తారంటివే?"

"వస్తారు. వాళ్ళ ముందర కూడా పూరీ అయ్యిందంటే నా ప్లాస్టిక్కు షెడ్డుకు బీగమే. మీ అన్న రైస్‌మిల్లులో మూటలు మోయాల్సిందే నేను."

"మా దేవరాజులన్న నిన్ను మూటలు మోయనిస్తాడా? గల్లా దగ్గర కూచోబెడతాడు."

"ఆయన్న ముందర కూచునేదా? మూటలే మేలు."

"అది షెడ్డులో ఓవెన్‌లో సరిగ్గా కాలిందా మామా?"

"కాలకేం? తలుపు తీసి తీసి చూస్తానే ఉన్నా కదా."

"నా అన్నం గిన్నె మూత తీసినట్ల."

"ఈడైతే నువ్వు గెంటేస్తావు. ఆడ గెంటేదానికి ఎవరుండారు? నేనే ఓనరు... అది సరే, దోశకల్లు కింద ఏంది అది?"

"ఏదీ? ఏం లేదు. దోశ తిను."

"నల్లగా, గుండ్రంగా..."

"ఏం లేదంటే! కల్లు దించి పెట్టుకునేదానికి."

"మన బిళ్ళ కదే అది!"

"నువ్వు పారేసిందే. మాడిపోయిందని గోడ అవతలకి విసిరితివి. గట్టిగా ఉండాదని తెచ్చుకున్నా. తిట్టబాక."

"పొయ్యి మీదనించి దించి నేరుగా దీని మీదనే పెడతావా?"

"దినామూ."

"ఉబ్బలేదా?"

"ఎందుకు ఉబ్బతాది? అదేమన్నా పూరీనా?"

"వల్లీ... ఇది ఎప్పటిది?"

"ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి గుడికి పోతిమే, కావడి ఎత్తుకోని. ఓవెన్ ఆపలేదే, ఆపలేదే అని రైల్లో సామి పేరు కంటే ఎక్కువ అంటివే. అప్పటిది."

"అంటే... పండగంతా లోపలే కాలింది. తలుపు ఎవురూ తీయలేదు."

"ఎవురు తీస్తారు? నువ్వు ఊళ్ళో లేవు కదా."

"అవును. నేను ఊళ్ళో లేను."

"ఏమయ్యింది మామా? దోశ చల్లారతాంది. యాడికి పోతాండావు?"

"సోమవారానికి కొత్త బిళ్ళలు లోపల పెట్టి, ఓవెన్ వేసి, షెడ్డుకు బీగం వేసి వస్తా. నువ్వు గుడ్డలు సర్దు, తిరుత్తణి పోదాం. బీగంచెవి మటుకు నీ దగ్గరే పెట్టుకో. నేను ఏడ్చినా ఇయ్యబాక."