అధికారి రక్తం

తలసేమియా బిడ్డ తల్లి బ్లడ్ బ్యాంకు అధికారి గదిలోకి వచ్చి తలుపు మూసింది.

"నలభై ప్యాకెట్లు చూశామమ్మా, ఒక్కటీ మీ పాపకు కలవలేదు. నన్నేం చేయమంటారు?"

"ఎందుకు కలవలేదో మీ నోటితో చెప్పండి సార్."

"ఇన్నేళ్లు ఎక్కించిన పరాయి రక్తం మీద ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయి. కొత్త రక్తం పడగానే దాని కణాల్ని పగలగొట్టేస్తున్నాయి."

"ఏ, బీ, ఓలే కాదు, లోపలి చిన్న గ్రూపులూ కలపమని మీ టెక్నీషియనమ్మ మొదట్లోనే మొత్తుకుంది. మీరేమన్నారు?"

"పెద్ద గ్రూపు కలిస్తే చాలన్నాను. అందరికీ అంతే."

"చాలింది మరి! పోయిన వారం ఎక్కించిన రక్తం లోపలే పగిలి, నా పిల్లకి మూత్రం నల్లగా పోయింది."

"పాతవి తవ్వకండి. దాత దొరికితే పిలుస్తాం."

"దొరికాడు. పొద్దున మీతో సహా సిబ్బందంతా శాంపిల్ ఇచ్చారుగా, కలిసింది ఒక్క మీదేనని టెక్నీషియనమ్మ ఇప్పుడే చెప్పింది."

"నాదా? పొద్దున శాంపిల్ సూదికే నాకు కళ్లు తిరిగాయమ్మా!"

"తొమ్మిదేళ్ల పిల్ల మూడు వారాలకోసారి పొడిపించుకుంటోంది. లేవండి, చొక్కా చెయ్యి మడవండి."

"సరే, ఈ ఒక్కసారికే."

"ఒక్కసారా? మూడు నెలలకోసారి రక్తం ఇవ్వచ్చుగా, అప్పుడల్లా వస్తా. మీ తలాపున నిలబడి, కొత్తగా చేరిన పిల్లలందరికీ చిన్న గ్రూపులు చూశారా అని అడుగుతా. లేదన్నారో, సూది తీయనివ్వను."