ఆ ఆరు మేకలదీ ఏ దేశం?

నా రాత కోడి గెలికినట్టుందని రాయండి, ఒప్పేసుకుంటాను. తేదీలు కొట్టేసి మళ్లీ వేసేనని రాయండి, అదీ ఒప్పుకుంటాను. కానీ "దొంగ రికార్డు" అని మాత్రం రాయకండమ్మా! ఆ మాట పడిందంటే నాకు ఈ దేశంలో ఇంకెక్కడా పని దొరకదు.

ఆయ్, మీరు తెలుగోరని నాకు గేటు దగ్గరే తెలిసిపోయిందండి. పెంటలో కాలేసి "అయ్యో రామా" అన్నారు కదా! రికార్డులు చూడ్డానికి దుబాయ్ నుంచి ఆడిటర్ వస్తారంటే, ఎవరో టై కట్టుకున్న దొరగారనుకున్నాను. మీ కార్డు మీద శ్రీసుధ అని చదివేక ప్రాణం లేచొచ్చింది. తర్వాత మీరు రిజిస్టరు తెరిచేరు. అంతే, లేచొచ్చిన ప్రాణం మళ్లీ కూలబడింది.

ఎందుకా? ఈ రెండేళ్లలో ఆ రిజిస్టరులో తెలుగు చదవగలిగిన మొదటి మనిషి మీరేనండి మరి!

చెప్తాను, మొదట్నించీ చెప్తాను. కూర్చోండి. అమ్మో, ఆ కుర్చీ వద్దు, కాలు విరిగింది. ఈ దాణా బస్తా మీద కూర్చోండి, శుభ్రంగానే ఉంది.

నా పేరు భీమరాజండి. మాది రాజోలు దగ్గర. ఇక్కడ, ఈ అల్ ఐన్‌లో ఖర్జూరం తోట పనని చెప్పి తీసుకొచ్చేరు. దిగి చూస్తే మేకలు! మేకపాలంటే ముక్కు మూసుకునే మనిషిని, పద్నాలుగేళ్లు మేకల మధ్య పడుకున్నాను. తర్వాత రికార్డులు రాసే వెంకట్రావుగారు ఇంటికెళ్లిపోతే, మా ముదీర్ సైఫ్, అంటే మేనేజరండి, ఈ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టేడు. ఈ కొట్టాల్లో పదో తరగతి పాసైంది నేనొక్కణ్ణే, ఏటి చేస్తాం!

పనేమో మీకు తెలిసిందే. మా దగ్గర ప్రతి మేక చెవికీ ఓ ట్యాగు. సోమాలియాదైతే పసుపు, ఇండియాదైతే నీలం, ఇక్కడే పుట్టి పెరిగితే ఆకుపచ్చ. ఏ ఓడలో వచ్చింది, ఏ దుకాణానికి పోయింది, అంతా పుస్తకంలో ఎక్కాలి. రేపు మాంసం మీద అంటించే చీటీలో ఆ దేశమే ఉంటాది. ఏదైనా జబ్బొస్తే ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోవాలి కదండీ. ఇదంతా నాకు తెలుసమ్మా. తెలిసే చేసేను. అదే నా బాధ.

మొన్న బక్రీదుకి పది రోజుల ముందు మాట. ఒకే పొద్దున్న రెండు లారీలొచ్చేయి. ఒకటి సోమాలియా సరుకు, ఒకటి ఇండియా సరుకు. రమీజ్ అని పాకిస్తాన్‌లో ముల్తాన్ మనిషి, పదేళ్లుగా నాకు జతగాడు. ఆడు రెండు దొడ్ల మధ్య తలుపుకి గెడ వెయ్యడం మర్చిపోయేడు. మేం టీ తాగొచ్చేసరికి, ఇంకా ట్యాగులు వెయ్యని ఆ తొంభై మేకలూ పెళ్లిపందిట్లో చుట్టాల్లా కలిసిపోయున్నాయి!

చెవులు చూసి, బొచ్చు చూసి, ఎనభై నాలుగింటిని విడదీసేం. మిగిలినవి ఆరు. వాటి దగ్గర తగువొచ్చింది.

"రాజూ భాయ్, ఇవి సోమాలియావి" అంటాడు ఆడు.

"కళ్లు పోయేయా? మా దేశానివి" అంటాను నేను.

నువ్వా నేనా అన్నంత వరకూ పోయింది. ఆఖరికి పందెం వేసుకున్నాం. చెరో పక్కన నిలబడి పిలవాలి, ఎవరి భాషకి పలికితే వాళ్లవి. నేను "దా దా దా" అని తెలుగులో గొంతు చించుకున్నాను. ఆరూ రమీజ్ దగ్గరికే పోయేయి! ఏటని చూస్తే, ఆడు వెనకాల పచ్చగడ్డి పట్టుకున్నాడండీ! ముల్తాన్ బుద్ధి!

మేం కొట్టుకుంటుండగా సైఫ్ కారు దిగేడు. ఏంటి గోలన్నాడు. చెప్పేం. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "యల్లా, ఆరింటికీ ఆకుపచ్చ వెయ్యి. లోకల్. ఖలాస్!"

లోకల్ అంటే పండక్కి జనం ఎగబడతారు కదండీ, అందుకు. చూడండి న్యాయం! ఓడ దిగి వారం కాలేదు, అవి లోకలైపోయేయి. నేను పదహారేళ్లుగా వీసా రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నాను!

"ముదీర్, అది తప్పు కదా" అన్నాను. నిజం, అన్నాను. ఆయన కోప్పళ్లేదండి. నా భుజం మీద చెయ్యేసి, "రాజూ, నీ వీసా వచ్చే నెల కదా?" అన్నాడు. మా అత్తగారు కూడా ఎప్పుడూ అంత ఆప్యాయంగా పలకరించలేదు.

వేసేను. ఆరింటికీ ఆకుపచ్చ ట్యాగు నా చేత్తోనే వేసేను. పుస్తకంలో దేశం దగ్గర ఇంగ్లీషులో యూఏఈ అని రాసేను. పక్కన ఖాళీ ఉంది కదా... అక్కడ తెలుగులో, "ఇది అబద్ధం. ముదీర్ వేయించేడు. నాకిష్టం లేదు" అని రాసి పడేసేను. సైఫ్ వేలు పెట్టి చూపించి, ఇదేంటన్నాడు. "మేక ఒంటి మీద గుర్తులు సార్" అన్నాను. శభాష్ అన్నాడు.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ పేజీ తిప్పకండమ్మా! ఆ వెనక పేజీలో ముదీర్‌గారి బొజ్జ గురించి రాసేను, ఆడపిల్లలు చదివేది కాదు.

అమ్మేశారా అంటారా? ఒక్కటే పోయిందండి. మిగతా అయిదూ అదిగో, నీళ్ల తొట్టి దగ్గర. వాటి ఎదురుగా "దగ్గు" అని రాసేను. ఆ తొట్టి పక్కకి కొనేవాళ్లొచ్చినప్పుడల్లా నేను గోడ వెనకాల నిలబడి ఖళ్లు ఖళ్లున దగ్గేవాణ్ణి. మేకలకేం, రాళ్లలా ఉన్నాయి. డాక్టరు దగ్గరికి నన్ను పంపించేరు.

పోయిన ఆ ఒక్కటీ ఎక్కడికంటే... సైఫ్ ఇంటికే! "మా ఇంటికి మాత్రం అసలు సిసలు లోకల్ పట్రా" అన్నాడు. పుస్తకంలో లోకల్ అనే ఉంది కదా, తీసుకెళ్లి ఇచ్చేసేను. పండగ మర్నాడు నన్ను పిలిచి మెచ్చుకున్నాడమ్మా! "చూసేవా, మన గడ్డ మీద పెరిగినదాని రుచే వేరు" అని. పుస్తకం తియ్యనా, చూపించనా అనిపించింది. నోరు మూసుకుని "ఆయ్" అన్నాను.

ఏటి? ఇంతకీ అవి ఏ దేశానివా?

అదే... అది రాయక తప్పదంటారా? లారీ కాగితం లేకపోతే మొత్తం లాటంతా ఆపేస్తారా? అంటే ఆ ఎనభై నాలుగింటి రికార్డూ కొట్టేస్తారన్న మాట. రమీజ్ సంతకం కూడా ఉంది కదా వాటికి. ఆడి మెడకీ చుట్టుకుంటాదా?

సరే. ఇదిగోండి. చొక్కా జేబులోనే ఉంది, చెమటకి కొంచెం నానింది, అంతే.

ఆ రోజే వచ్చిందండి ఆ కాగితం. ఆఫీసు నుంచి ఇంకా రాలేదని రమీజ్‌తో చెప్పేను. చదవండి. సోమాలియా యాభై ఎనిమిది, ఇండియా ముప్పై రెండు. మనవి ముప్పై రెండూ అప్పటికే లెక్కకొచ్చేసేయి. ఆడు చెప్పిందే నిజం. నేను కాగితం చూసే తగువాడేను.

ఎందుకని అడక్కండి. మన దేశం నుంచొచ్చినవి చూసేను కదా, అన్నీ డొక్కలెండిపోయి, బిక్కుబిక్కుమంటూ... ఆ ఆరే నిగనిగలాడుతూ తలెత్తుకు నిలబడ్డాయి. ఇవి మావే అనాలనిపించింది. అంతే. కాగితం అప్పుడే తీసుంటే సైఫ్ కారు దిగేసరికి పసుపు ట్యాగులు వేసేసుండేవాళ్లం. లోకల్ అనే మాటే వచ్చేది కాదు. ముదీర్ చేసింది ముదీర్ చేసేడు. దారి తెరిచింది మాత్రం నేనే.

రాసుకోండి. ఆయన మాటా రాయండి, నా తెలుగూ అర్థం చెప్పి రాయండి. ఆ అయిదింటికీ ఇప్పుడే మీ ముందే పసుపు వేస్తాను. పోయినదాని ఎదురుగా కూడా సోమాలియా అని దిద్దుతాను. వీసా పోతే పోనీండి, రాజోలుకి బస్సులున్నాయి.

కానీ ఒక్క మాట, మీ అన్నకో తమ్ముడికో సాయం చేస్తున్నాననుకోండి. గడ్డి మోపెత్తుకుని అదిగో వస్తున్నాడు చూడండి, ఆ రమీజ్‌కి మాత్రం చెప్పకండమ్మా. ఆడు నవ్వితే పక్క దొడ్లో ఒంటెలు కూడా తలతిప్పి చూస్తాయి.